బొమ్మలో నా చేతులు

2023 మార్చి 12, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. టెక్సస్‌లోని ఇర్వింగ్, మా తెలుగు సంఘం హాలు.

హాజరైనవారు: సంఘం ప్రెసిడెంటు, గుండె డాక్టరు, ఆయన భార్య, బొమ్మ వేసిన నా స్నేహితుడు, నేను. పంతులుగారు నాలుగింటికి వచ్చారు. అమెరికాలో ఏటా వేసవి వేళకు మార్చినట్టే, ఆ తెల్లవారుజామునే గడియారాలు గంట ముందుకు జరిగాయి. ఆయన కారులో గడియారం జరగలేదు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. పేర్లు అక్కడే ఉన్నాయి, ఇక్కడ రాయడం లేదు. ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ నాది ఇదే పద్ధతి. ముందు తేదీ, తర్వాత సమయం, చోటు, ఎవరెవరు ఉన్నారు. ఆపైనే ఏం జరిగిందో రాస్తాను. ఉద్యోగంలో చేరాక ఇది ఇంకా గట్టిపడింది. నేను వంతెనల ఇంజనీరును. పాత వంతెనల కింద నిలబడి పగుళ్ళు కొలవడం నా పని. ఎవరి ఎదుట కొలిచావో రాయకపోతే ఆ కొలతకు విలువ లేదని నా మొదటి పైఅధికారి చెప్పేవాడు. ఆ మాట ఇంటికి కూడా తెచ్చుకున్నాను. మా ఆవిడ ఒకసారి నా డైరీ తీసి, మేమిద్దరం గాల్వెస్టన్ సముద్రానికి వెళ్ళిన రోజు పేజీ చదివింది. ఎన్ని మైళ్ళు, ఎక్కడ పార్కింగ్, ఏ గంటకు తిరుగు ప్రయాణం, అన్నీ ఉన్నాయి.

"ఇందులో నేనెక్కడున్నానండీ?" అంది.

"హాజరైనవారిలో ఉన్నావుగా" అన్నాను.

నవ్వి డైరీ మూసేసింది. మళ్ళీ ఎప్పుడూ తెరవలేదు.

నా స్నేహితుడు పెథాలజిస్టు. రోగి ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి, అది మంచిదో చెడ్డదో రాసి ఇచ్చే డాక్టరు. రోగి మొహం చూడనక్కర లేదు, ఓదార్చనక్కర లేదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి. ముప్పై అయిదేళ్ళు అదే చేశాడు. రిటైరయ్యాక బొమ్మలు వేయడం పట్టుకున్నాడు. మొదట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అతను పట్టించుకోలేదు. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడొకడిని గురువుగా పెట్టుకున్నాడు. నెలనెలా రెండో ఆదివారం జరిగే మా సంఘం సమావేశాల్లో వరసగా మూడు నెలలు ఆయన జీవితం మీద మాట్లాడాడు. నేను నోట్సు రాసుకున్నాను.

ఆ చిత్రకారుడు స్విట్జర్లాండు సరిహద్దు దగ్గర ఒక చిన్న ఊళ్ళో కాస్త కలిగిన రైతు కొడుకు. పారిస్ వెళ్ళి మ్యూజియంలో పాత బొమ్మలు చూసి దిద్దుకుని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో పెద్ద కాన్వాసు మీద దేవతలనో రాజులనో వెయ్యాలి. ఆయన రోడ్డు పక్క కంకర కొట్టే కూలీలను వేశాడు. తన కంటితో చూడనిది వెయ్యనన్నాడు. తర్వాత సొంత ఊళ్ళో జరిగిన ఒక అంత్యక్రియను ఇరవై అడుగులకు మించిన కాన్వాసు మీద, మనుషులంత మనుషులుగా వేశాడు. మేయరు, పాదిరీ, గొయ్యి తవ్వేవాడు, చివరికి ఒక కుక్క కూడా. ఊరివాళ్ళు పోటీపడి వచ్చి నిలబడ్డారట. ఆయన గది ఎంత ఇరుకంటే, వెనక్కి జరిగి మొత్తం బొమ్మ ఒకేసారి చూసుకునే వీలు లేకపోయింది. బొమ్మ పారిస్ వెళ్ళింది. అక్కడివాళ్ళు ఇంత అనాకారి మొహాలా అని నవ్వారు. ఆ నవ్వు ఊరికి చేరాక నిలబడ్డవాళ్ళలో కొందరు ఆయన మీదే కోపం తెచ్చుకున్నారు. ఆయన తగ్గలేదు. ఇస్తానన్న ప్రభుత్వ పతకం వద్దన్నాడు, తిరుగుబాటులో కలిశాడు, జైలుకు వెళ్ళాడు. ఆఖరికి సరిహద్దు దాటి పరాయి దేశంలో యాభై ఎనిమిదేళ్ళకే పోయాడు.

"అంత మొండితనం ఎందుకండీ పాపం" అంది గుండె డాక్టరు భార్య ఆ మూడో ఉపన్యాసం అయ్యాక.

"మొండితనం కాదమ్మా. నేను రిపోర్టులో క్యాన్సర్‌ని మొటిమ అని రాస్తే ఊరుకుంటారా?" అన్నాడు.

మా ఆవిడ 2021 అక్టోబరులో పోయింది. ఇంకో రెండు నెలలకు అతను మా ఇంటికి వచ్చి, కాఫీ చల్లారేదాకా కూర్చుని, అప్పుడు అడిగాడు.

"ఆవిడ అంత్యక్రియల రోజుని పెద్దగా వేద్దామనుకుంటున్నాను. ఫ్యూనరల్ హోమ్‌లో మనందరం. నువ్వు సరేనంటేనే."

"వెయ్యి" అన్నాను.

"ఉన్నది ఉన్నట్టే వేస్తాను. తర్వాత మాట మార్చకూడదు."

"నాతోనా నువ్వు ఆ మాట అనేది?" అన్నాను. డిసెంబరు 9, సాయంత్రం నాలుగున్నర. డైరీలో ఉంది.

అప్పటికే అతని కుడి కన్ను మధ్యభాగం పోయింది. రెటీనా జబ్బు. అంచులు కనబడతాయి, నేరుగా చూసిన చోట పొగ. ఎడమ కన్నుకూ అదే మొదలైంది. ఇంకో ఏడాది పని చేస్తే గొప్ప అని కంటి డాక్టరు చెప్పాడు. ఇదే తన ఆఖరి పెద్ద బొమ్మ అనీ, దీన్ని మా హాల్లో ఖాళీగా ఉన్న ఉత్తరం గోడకు పెట్టాలనీ అతని కోరిక. ప్రెసిడెంటు అప్పుడే మాట ఇచ్చేశాడు. "గోడ మీదే అంకుల్, డన్" అన్నాడు.

కాన్వాసు తొమ్మిదడుగులు. గరాజ్‌లోంచి కార్లు బయట పెట్టి అక్కడ బిగించాడు. వెనక్కి జరిగి చూడాలంటే గరాజ్ తలుపెత్తి డ్రైవ్‌వే మీదికి నడిచేవాడు. అలా పగలంతా తలుపు తెరిచి ఉంచుతున్నందుకు కాలనీ అసోసియేషన్ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. "గురువుగారికి ఈ డ్రైవ్‌వే కూడా లేదు" అని ఆ ఉత్తరాలకు బ్రష్షులు తుడిచాడు.

మా వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి బొమ్మ కోసం కూర్చున్నారు. పట్టు కుర్తాలతో వెళ్ళినవారిని ఇంటికి పంపి, ఆ రోజు వేసుకున్న బట్టలే వేసుకు రమ్మన్నాడు. ఎవరికీ బొమ్మ చూపించలేదు. నన్ను మాత్రం కూర్చోమనలేదు. ఎందుకని అడిగితే, "నిన్ను యాభై ఏళ్ళుగా చూస్తున్నాను, చాల్లే" అన్నాడు. ఆ మాటకు సంతోషించాను.

ఆ ఆదివారం అద్దె వ్యాన్‌లో బొమ్మను హాలుకు తెచ్చి, ఉత్తరం గోడకు ఆనించి, మీది దుప్పటి తీశాం.

నేను ముందు ఎడమ వైపు నుంచి చూశాను, వంతెన చూసినట్టు. పంతులుగారు కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ట్యాబ్లెట్‌లో చూసి మంత్రం చదువుతున్నారు. ప్రెసిడెంటు తల వంచి ఫోన్ చూస్తున్నాడు. గుండె డాక్టరు తల పక్కకు తిప్పి ఉన్నాడు. జుట్టు నల్లగా, పాపిట దగ్గర మాత్రం అరంగుళం తెల్లగా. ఆయన భార్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ముందు భాగంలో పెట్టె అంచు, దాని మీది బంతిపూలు, మా ఆవిడ తెల్లచీర కొంగు చివర. మొహం కనబడదు. ఆ పెట్టె వైపు చూస్తున్నది ఒక్క మనిషే. ఫ్యూనరల్ హోమ్‌లో పనిచేసే నల్లకోటు ఆవిడ. మాకెవరికీ ఆవిడ పేరు కూడా తెలియదు.

సరిగ్గా మధ్యలో నేను. తెల్లచొక్కా. ఎడమ చేతిలో నా జేబు డైరీ, కుడి చేతిలో పెన్ను. తలుపు వైపు చూస్తున్నాను, ఇంకా ఎవరొస్తున్నారా అని. రాస్తున్నాను.

ముందు గుండె డాక్టరే తేరుకున్నారు. "ఇదేం ఫ్యూనరలండీ, కాన్ఫరెన్స్‌లో టీ బ్రేక్‌లా ఉంది. ఒక్కడి మొహంలోనూ బాధ లేదు."

"ఆ రోజు నాకు కనబడలేదు మరి. మీ దగ్గర ఫొటో ఉంటే పంపండి, కరెక్ట్ చేస్తాను" అన్నాడు నా స్నేహితుడు.

"మరి నా జుట్టు?"

"అది మీ డై తప్పు. నా పెయింట్‌ది కాదు."

"నేను ఏడ్చాను అన్నయ్యగారూ" అంది ఆయన భార్య. గొంతు నిజంగానే వణికింది. "కారులో కూడా ఏడుస్తూనే ఉన్నాను. కుచ్చిళ్ళు సర్దుకుంటే సర్దుకుని ఉంటాను, అదొక్కటే దొరికిందా మీకు?"

"కారులో నేను లేనమ్మా."

ప్రెసిడెంటు నలభై ఏళ్ళవాడు, సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు, మంచివాడు. "అంకుల్, ఫోన్ చూశాను, కరెక్టే. కానీ పార్కింగ్ లాట్ ఫుల్ అయితే వెనక లాట్‌కి రమ్మని మెసేజ్ చేస్తున్నాను. ఆ కాంటెక్స్ట్ చూసేవాళ్ళకి తెలీదు కదా. పిల్లలు చూస్తే ఏమనుకుంటారు?"

"ప్రెసిడెంటు ఫోన్ చూస్తున్నాడనుకుంటారు."

అప్పుడు పంతులుగారు వచ్చారు. ఆలస్యానికి గడియారాన్ని తిట్టుకుని, బొమ్మకు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, తన దగ్గర ఆగారు. "దివ్యంగా ఉంది. నా బొజ్జ రెండంగుళాలు తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది" అన్నారు. ఆ గదిలో నవ్వింది ఆయనొక్కరే.

ప్రెసిడెంటుకు దారి దొరికింది. "పంతులుగారూ, ఈ హాల్లో పెళ్ళిళ్ళు, సీమంతాలు, అన్నప్రాశనలు జరుగుతాయి. ఇలాంటి బొమ్మ పెట్టొచ్చంటారా? సెంటిమెంట్ ప్రకారం?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "శాస్త్రంలో దీని గురించి ఏమీ లేదు నాయనా. మనసుకు కష్టమనిపిస్తే మానేయండి. నన్నడిగితే, చావు లేని ఇల్లు ఏదీ?"

"అలాగైతే ఇంజనీరుగారే చెప్పాలి" అన్నారు గుండె డాక్టరు. "వారి భార్య ఫ్యూనరల్. మనం మాట్లాడటం బాగుండదు."

"ఎస్ అంకుల్. మీరు ఓకే అంటే ఓకే. రేపే స్క్రూలు బిగించేద్దాం" అన్నాడు ప్రెసిడెంటు.

అందరూ నా వైపు తిరిగారు. నా స్నేహితుడు మాత్రం తిరగలేదు. అప్పటికి ఎడమ కన్ను మధ్యభాగం కూడా పోయింది కనుక, తిరిగినా అతనికి నా మొహం ఉండాల్సిన చోట పొగే కనబడుతుంది. నిశ్చింతగా ఉన్నాడు. ఆ గదిలో తనవైపు ఒక మనిషి ఉన్నాడని అతనికి నమ్మకం.

నేను ఏనాడూ వర్జ్యం చూసుకుని బయల్దేరలేదు. దక్షిణం వాకిలి ఇల్లు ఎవరూ కొనడం లేదంటే వెళ్ళి కొన్నాను. మా ఆవిడ పక్కనే కూర్చుని పిల్లి శకునాల మీద జోకులు వేసినవాణ్ణి. అలాంటివాణ్ణి ఇలా అన్నాను:

"శుభకార్యాలు జరిగే చోట చావు బొమ్మ బాగుండదేమో."

అతను మెల్లగా ఇటు తిరిగాడు. "నువ్వా?" అన్నాడు.

గుండె డాక్టరు భార్య లేచి అందరికీ టీ పోసింది. నేను కూడా తాగాను. అయిదుం పావుకు బొమ్మను మళ్ళీ వ్యాన్‌లో పెట్టాం. ప్రెసిడెంటు ఎంతో జాగ్రత్తగా, గౌరవంగా దుప్పటి కప్పాడు.

వ్యాన్ నేనే నడిపాను. అతను డ్రైవింగ్ మానేసి ఏడాది దాటింది. హైవే 114 ఎక్కాం. వెనక బొమ్మ మలుపుల్లో కిర్రుమంటోంది.

"ఒక్కటే అడుగుతాను. వద్దన్నది చావు బొమ్మ అనా, నీ చేతిలో డైరీ ఉందనా?" అన్నాడు.

"చావు బొమ్మ అనే."

"నిజంగా?"

"ఆవిడ ఉంటే ఒప్పుకునేది కాదు" అన్నాను.

ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా అన్నాను కాబట్టి రాస్తున్నాను. పోయిన మనిషిని నాకు సాక్షిగా నిలబెట్టాను. మా ఆవిడ ఆ గరాజ్‌కు వెళ్ళి అతను వేసిన ప్రతి బొమ్మా చూసి వచ్చేది. తను ఒప్పుకునేదో లేదో నాకంటే అతనికే బాగా తెలుసు.

"సరే" అన్నాడు. బొమ్మ దింపి గరాజ్‌లో దాని చోట నిలబెట్టాం. కాఫీ తాగి వెళ్ళమన్నాడు. వ్యాన్ ఆరు లోపల తిరిగివ్వాలని చెప్పి వచ్చేశాను. ఏడు దాకా గడువుంది.

ఇంటికి రాగానే 2021 డైరీ తీశాను. బొమ్మలో అతను ఎక్కువ చేశాడేమో చూద్దామని. ఆ ఆశతోనే తీశాను. అక్టోబరు 23, శనివారం. ఉదయం పది నుంచి పన్నెండు. హాజరైనవారు నలభై ముగ్గురు, వరస నంబర్లతో సహా. ఎవరు ఎన్నింటికి వచ్చారో పక్కన ఉంది. గుండె డాక్టరు దంపతులు 10.50, ఆలస్యం. చేతిరాత ఎక్కడా వణకలేదు. అందరికీ కృతజ్ఞతగా కార్డులు పంపాలి కనుక రాసుకుంటున్నానని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నట్టు గుర్తు. కార్డులు పంపాను కూడా. నలభై మూడు పేర్ల కింద ఒకే వాక్యం ఉంది: అంతా సక్రమంగా జరిగింది.

మా ఆవిడ ఆ పేజీలో లేదు. హాజరైనవారిలో కూడా లేదు.

మర్నాడు, మార్చి 13, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నరకు అతని ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగాలనే బయల్దేరాను. ప్రెసిడెంటుకు ఫోన్ చేసి, నాకు అభ్యంతరం లేదు, బొమ్మ పెట్టండి అని చెప్పాలని కూడా. దారిలో ఆ మాటలు వరసగా పేర్చుకున్నాను.

గరాజ్ తలుపు ఎత్తి ఉంది. లోపల టర్పెంటైన్ వాసన. అతను ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందురోజు చొక్కానే ఉంది ఒంటి మీద.

"రా. చూసి చెప్పు. చేతులు సరిగా వచ్చాయో లేదో నాకు తెలియడం లేదు. వేళ్ళు లెక్కపెట్టు."

బొమ్మ మధ్యలో నా చేతుల్లో డైరీ లేదు. పెన్ను లేదు. వాటి మీద చొక్కా తెల్లరంగు పూసి, రెండు చేతులూ ముందు కట్టుకున్నట్టు వేశాడు. చూపు తలుపు వైపే ఉన్నా, చేతులు మారేసరికి మనిషే మారిపోయాడు. భార్యను పోగొట్టుకుని, ఏం చేయాలో తోచక ఎటో చూస్తూ నిలబడ్డ ముసలాయన. ఎవరు చూసినా అయ్యో అంటారు.

వేళ్ళు లెక్కపెట్టాను. "చేతికి అయిదు. సరిగ్గానే ఉన్నాయి."

"ప్రెసిడెంటుకి ఫోన్ చెయ్యి. నువ్వు ఓకే అంటే ఓకేట కదా. ఇప్పుడు నీకు ఇబ్బంది లేదుగా?"

"ఎందుకు చేశావిలా?"

"గోడ కావాలి నాకు" అన్నాడు. "నువ్వు కూడా కావాలి. ఈ వయసులో కొత్త స్నేహితుణ్ణి ఎక్కడ వెతుక్కోను, అదీ కళ్ళు లేకుండా" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

లేచి గోడ పట్టుకుని నిలబడ్డాడు. "కాఫీ పెడతాను. పైపూత ఇంకా పచ్చిగానే ఉంది. గుడ్డ అక్కడుంది. తుడిస్తే పోతుంది. అడుగున ఉన్నది ఎండి నాలుగు నెలలైంది, దానికేం కాదు. నువ్వే తేల్చుకో. నేను చూడను. ఎలాగూ కనబడదు."

వంటింట్లోకి వెళ్ళాడు. నేను గుడ్డ తీసి టర్పెంటైన్‌లో ముంచాను. బొమ్మ దగ్గరికి వెళ్ళాను. తెల్లరంగు కింద డైరీ అట్ట నల్లగా, పలచగా తెలుస్తోంది, దగ్గర నుంచి చూస్తే. చెయ్యి ఎత్తాను. కట్టుకున్న ఆ చేతులు చూశాను. ఆ రోజు నా చేతులు అలా ఉండాల్సినవి. అలాగే ఉన్నాయని ఇక ముందు అందరూ అనుకుంటారు. కొన్నాళ్ళకు నేనూ అనుకుంటానేమో.

గుడ్డ నాలుగు మడతలు వేసి, తీసిన చోటే పెట్టేశాను.

అతను రెండు కప్పులతో వచ్చాడు. నా కప్పు ఇచ్చి, బల్ల మీద తడిమి గుడ్డ పట్టుకున్నాడు. తడిగా ఉంది. వాసన చూశాడు. రంగు అంటలేదని వేళ్ళతో రాసి తెలుసుకున్నాడు.

"తుడవలేదన్నమాట."

"చేతులు బాగా వచ్చాయి" అన్నాను.

అతను కాఫీ తాగి, కప్పు కింద పెట్టి ఒక సన్న బ్రష్ వెతికి, ముదురు గోధుమరంగులో ముంచి నా చేతికిచ్చాడు.

"కింద కుడి మూల నా సంతకం ఉంటుంది. చెరిపెయ్యి."

"ఎందుకూ?"

"ఇది నేను వేసింది కాదు. నాకు చోటు కనబడదు. నువ్వే చెరపాలి."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎర్రటి చిన్న అక్షరాల్లో, తెలుగులో, అతని పేరు. ముందు ఒక పూత వేశాను. ఎరుపు ఇంకా కనబడుతోంది. ఆ పూత కాస్త ఆరేదాకా ఆగి, దాని మీద రెండోది వేశాను.